రత్నద్వీపానికి వెళ్లాలనుకుంటే: శ్రీలంక జాతిరాళ్ల గనులు, బజార్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సిలోన్ నీలం, సిలోన్ పుష్యరాగం అన్న మాటలు వినని తెలుగు ఇల్లు అరుదు. ఆ రాయి ఏ మట్టిలోంచి వస్తుందో, ఎవరి చేతులు దాటి మన ఉంగరం దాకా చేరుతుందో చూసినవారు మాత్రం తక్కువ. శ్రీలంకకు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా త్రికోణమలైలో శాంకరీదేవిని, సీతా ఎలియలో అశోకవనాన్ని, కండీలో దంతధాతువు ఆలయాన్ని దర్శించుకుని తిరిగి వస్తారు. ఆ ప్రయాణానికి మరో రెండు రోజులు కలిపి జాతిరాళ్ల గనుల ఊరు రత్నపుర చూడండని నేను గట్టిగా చెబుతాను. కొనడానికి కాదు, చూడడానికి. ఈ విషయంలో తరచుగా వచ్చే ప్రశ్నలకు తెలిసినంతవరకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

శ్రీలంకను రత్నద్వీపం అనడం ఎప్పటినుంచి ఉంది?

చాలా పాతకాలం నుంచి. క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ ద్వీపాన్ని తాప్రొబేన్ అని పిలిచి, ఇక్కడ దొరికేవాటిలో జాతిరాళ్లను కూడా లెక్కించాడు. అయిదో శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా భిక్షువు ఫాహియాన్, మణులు దొరికే చోట రాజు కాపలా పెట్టి పదింట మూడు వంతులు తీసుకునేవాడని రాశాడు. అరబ్బు వర్తకులకు ఇది కెంపుల దీవి. 13వ శతాబ్దం చివర ఇటుగా వెళ్లిన మార్కోపోలో, ఇక్కడి రాజు దగ్గర జానెడు పొడవు, మనిషి చేయంత లావు ఉన్న కెంపు ఉందని, కుబ్లాయ్ ఖాన్ ఒక నగరం విలువ ఇస్తానన్నా పూర్వికుల సొత్తు కాబట్టి రాజు ఇవ్వలేదని చెప్పాడు. కొలతలో అతిశయం ఉంటే ఉండవచ్చు. ఆ రాయి ఖ్యాతి అంత దూరం పాకిందన్నది మాత్రం నిజం. 1344లో వచ్చిన ఇబ్న్ బతూతా, నూరు పణాలకు మించిన విలువున్న రాయి ఏది దొరికినా రాజుకే చెందేదని రాశాడు.

నన్ను బాగా ఆకట్టుకునేది రాబర్ట్ నాక్స్ చెప్పిన సంగతి. ఈ ఆంగ్ల నావికుడు 1660లో కండీ రాజుకు బందీగా చిక్కి, దాదాపు ఇరవయ్యేళ్లు ఇక్కడే ఉండిపోయి, 1679లో తప్పించుకున్నాడు. రాళ్లు దొరికే చోట్ల రాజు మొనదేలిన గుంజలు పాతించేవాడట. ఆ వైపు అడుగు పెట్టినవాడిని వాటి మీదే కొరత వేస్తారని దానర్థం. గని తవ్వే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఈ దీవిలో మొదటినుంచీ ఎంత పదునుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన నవరత్నాల్లో అక్కడ ఏవి దొరుకుతాయి?

నీలం, కెంపు, కనకపుష్యరాగం, గోమేధికం, వైడూర్యం ఈ అయిదూ రత్నపుర పరిసరాల మట్టిలోనే దొరుకుతాయి. ముత్యాలకు మన్నారు సింధుశాఖ ఒకప్పుడు ప్రసిద్ధి. వజ్రం, పచ్చ అక్కడి నేలలో లేవు. ఎవరైనా ‘సిలోన్ పచ్చ’ అంటూ అమ్మితే అక్కడే ఆగిపోండి. లంకకు లేని వజ్రం మన కృష్ణా తీరంలో కొల్లూరు, పరిటాల దగ్గర దొరికింది. రెండు చోట్లా నది తెచ్చి పోసిన గులకరాళ్లలోనే రత్నాలు దొరికాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో నేల చూస్తూ తిరిగే మన రాయలసీమ వాళ్లకు రత్నపుర మనుషుల మనసు ఇట్టే అర్థమవుతుంది.

నవరత్నాల పట్టికలో లేనివి కూడా ఎన్నో ఉన్నాయి. గులాబీ, నారింజ రంగులు కలిసిన పద్‌పరద్‌శ అనే నీలం జాతి రాయి లంకకే పేరు తెచ్చింది. పగటి వెలుగులో ఆకుపచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపించే అలెగ్జాండ్రైట్, స్పినెల్, జిర్కాన్, టూర్మలిన్, చంద్రకాంతం కూడా ఇక్కడ దొరుకుతాయి. సింహలైట్ అనే రాయికి ఈ దేశం పేరే పెట్టారు. ఏకనైట్‌కు ఆ పేరు 1953లో దాన్ని గుర్తించిన శ్రీలంక రత్నశాస్త్రజ్ఞుడు ఏకనాయక పేరు మీద వచ్చింది.

నీలం, కెంపు, కనకపుష్యరాగం, పద్‌పరద్‌శ నాలుగూ ఖనిజంగా ఒకటే, కురువిందం. కాస్త క్రోమియం చేరితే ఎరుపు, ఇనుము టైటానియం కలిస్తే నీలి రంగు వస్తాయి.

రత్నపుర చుట్టుపక్కలే ఇన్ని రాళ్లు ఎందుకు?

ద్వీపం మధ్యలోని కొండలు కోట్ల ఏళ్ల నాటి అతిప్రాచీన శిలలతో ఏర్పడ్డాయి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఆ శిలల్లో పుట్టిన రత్నాలు, కొండలు అరిగేకొద్దీ వానలకు కొట్టుకొచ్చి లోయల్లో, పాత నదీగర్భాల్లో పేరుకున్నాయి. రత్నపుర శ్రీపాద పర్వతం అడుగున, కళు గంగ ఒడ్డున ఉంది. దేశంలో బాగా వానలు పడే ఊళ్లలో ఇదొకటి. కొండ, వాన, లోయ మూడూ ఒకేచోట కుదిరాయి. నివితిగల, పెల్మదుల్ల, బలంగొడ, రక్వాన, ఎహెలియగొడ ఈ జిల్లాలోని గనుల ఊళ్లు. జిల్లా దాటితే మాతలే వైపు ఎలహెర, మొనరాగల వైపు ఒక్కంపిటియ ఉన్నాయి. 2012లో కతరగామ దగ్గర రోడ్డు పనికి తెచ్చి పోసిన మట్టిలో నీలాలు కనిపించినప్పుడు జనం తండోపతండాలుగా అక్కడికి పరుగెత్తారు.

గని ఎలా ఉంటుంది? ఏం చూడవచ్చు?

బొగ్గు గనిలాంటిది ఊహించుకుని వెళితే ఆశ్చర్యపోతారు. వరిచేలో, రబ్బరు తోటలో, ఒక్కోసారి ఇంటి పెరట్లో నలుచదరపు గుంత ఉంటుంది. పైన తాటాకు కప్పో రేకు కప్పో వేస్తారు. పక్కన నీటి పంపు ఆగకుండా కొడుతూ ఉంటుంది. గుంత గోడలు కూలకుండా అడ్డదుంగలు, నిలువు దుంగలు బిగించి, వాటి వెనక ఫెర్న్ ఆకులు దట్టంగా కూరుతారు. ఊట నీరు బయటికి వస్తుంది, ఇసుక మాత్రం ఆకుల దగ్గరే ఆగిపోతుంది. రబ్బరు దుంగలు, పోక మానులు, అడవి ఆకులు. ఇంతకు మించిన సామగ్రి లేదు. కూలీలు ఏ ఇంజనీరూ గీయని ఈ కట్టడంలోకి దుంగల మీద అడుగులేసుకుంటూ పది, పదిహేను మీటర్ల లోతుకు దిగిపోతారు. ఇంకా లోతైన గనులు కూడా ఉన్నాయి. అడుగున గాలి చాలుతుందో లేదో తెలుసుకోవడానికి కొవ్వొత్తి వెలిగించి చూస్తారు.

వాళ్లు వెతికేది రాయిని కాదు, ఇల్లంను. మట్టి, బంకమన్ను పొరల కింద గులకరాళ్లు, ఇసుక కలిసి ఉండే పొరను అక్కడివాళ్లు ఇల్లం అంటారు. అది కొన్ని చోట్ల బెత్తెడు మందమే ఉంటుంది. ఇల్లం తగిలాక దాని వెంట అడ్డంగా సొరంగాలు తవ్వుతూ పోతారు. తవ్విన గులకను సంచుల్లోకో బుట్టల్లోకో ఎత్తి, చేత్తో తిప్పే రాట్నంతో పైకి లాగి ఒక కుప్ప పోస్తారు. ఆ కుప్పను వెంటనే ముట్టుకోరు. వారం, పది రోజులు పోగైన తర్వాత మంచి ఘడియ చూసి, వాటాదారులందరూ ఉండగా కడుగుతారు.

కడగడం చూడగలిగితే మీ ప్రయాణం ఫలించినట్టే. నడుంలోతు నీళ్లలో నిలబడి, వట్టి అనే వెదురు బుట్టలో గులక పోసి గుండ్రంగా తిప్పుతారు. మామూలు చెకుముకి రాయి నీటికి రెండున్నర రెట్లు బరువు, నీలం నాలుగు రెట్లు. తిప్పేకొద్దీ తేలికవి అంచు దాటి పోతాయి, బరువైనవి అడుగున మిగులుతాయి. చివరికి మిగిలిన పిడికెడు రాళ్లను నంబువ అంటారు. అనుభవమున్న పెద్దమనిషి ఆ బుట్టను ఎండకు వాలుగా పట్టి, వేళ్లతో ఒక్కొక్క వరుస జరుపుతూ చూస్తాడు. చుట్టూ ఉన్నవారెవరూ మాట్లాడరు. చాలాసార్లు ఏమీ ఉండదు. అప్పుడు కూడా ఎవరూ గొణగరు, తర్వాతి బుట్ట నింపుతారు.

నదిలో తవ్వకం వేరు. ప్రవాహానికి చిన్న అడ్డుకట్ట వేసి, పొడవాటి కర్రకు బిగించిన పారతో అడుగున ఉన్న గులకను లాగుతారు. వాన తగ్గిన నెలల్లో మాత్రమే ఇది కుదురుతుంది.

దొరికిన రాయి ఎవరిది?

కూలి లెక్కకు తవ్వించుకునే గనులు తక్కువ. సంప్రదాయ గనుల్లో వాటాల పద్ధతి నడుస్తుంది. భూమి యజమాని, లైసెన్సు ఉన్నవాడు, పంపు పెట్టినవాడు, తిండికీ దుంగలకూ డబ్బు పెట్టినవాడు, కిందికి దిగి తవ్వినవాళ్లు, అందరికీ వాటా ఉంటుంది. ఎవరికెంత అన్నది గనికో రకంగా ముందే మాట్లాడుకుంటారు. రాయి దొరికేదాకా తవ్వేవాడికి తిండి, చేతిఖర్చులు దక్కుతాయి. రాయి అమ్ముడుపోయిన రోజున అతను కూడా వాటాదారే. నెలల తరబడి ఏమీ దొరక్కపోయినా వాళ్లు గని వదిలిపోకపోవడానికి ఇదే కారణం. ఈ పద్ధతిలో కష్టం ఎక్కువ, ఖాయమైన రాబడి లేదు. అయినా గుంతలోకి దిగినవాడిని భాగస్వామిగా చూసే వృత్తులు లోకంలో ఎన్ని ఉన్నాయి? ఈ వారసత్వంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది ఇదే.

ఇప్పుడు ఎవరు తవ్వాలన్నా ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. 1971 చట్టంతో ప్రభుత్వ రత్నాల సంస్థ ఏర్పడింది. 1993 చట్టం తర్వాత ఆ బాధ్యత జాతీయ రత్నాభరణాల ప్రాధికార సంస్థకు వచ్చింది. గుంత పూడ్చి నేల సరిచేస్తామని లైసెన్సుదారు ముందుగా డిపాజిట్ కట్టాలి. పెద్ద యంత్రాలతో తవ్వడం మీద కట్టడి ఉంది. అందుకే ఈ దేశంలో గని అనేది ఇప్పటికీ నలుగురైదుగురు మనుషులు, ఒక రాట్నం, ఒక పంపుగా మిగిలింది. లైసెన్సు లేని గుంతలు, పూడ్చకుండా వదిలేసినవి కూడా లేకపోలేదు. వాటిలో నీరు నిలిచి దోమలు పెరుగుతాయి, పశువులు పడిపోతాయి. మీ గైడు అలాంటి చోటికి తీసుకెళితే వెనక్కి రండి.

పూజలు, నమ్మకాలు ఎలా ఉంటాయి?

గని తెరిచే ముందు ముహూర్తం చూస్తారు. భూమిలోని నిధికి కాపలా అని నమ్మే బహిరవుడికి నైవేద్యం పెడతారు. ఈ ప్రాంతపు దేవుడు సమన్. శ్రీపాద పర్వతానికి ఆయనే రక్షకుడు. రత్నపురలోని మహా సమన్ దేవాలయానికి గని మనుషులు మొక్కులు చెల్లిస్తారు. ఊళ్లో ఉంటే ఆ గుడికి తప్పక వెళ్లండి.

ఆడవారిని గని దగ్గరికి రానిస్తారా?

రానివ్వకూడదన్న పాత ఆచారం ఉండేది. కొన్ని గనుల్లో ఇప్పటికీ పాటిస్తారు. పర్యాటకులకు చూపించే గనుల్లో సాధారణంగా అభ్యంతరం ఉండదు. గైడు చేత ముందే అడిగించండి, అక్కడికి వెళ్లాక వాదన వద్దు. చెప్పులు విప్పమంటే విప్పండి. పిల్లలను గుంత అంచుకు పోనివ్వకండి. ఎంత ముచ్చటపడి పిలిచినా లోపలికి దిగకండి, ముఖ్యంగా వాన పడిన మర్నాడు.

గనుల్లో ఎముకలు దొరుకుతాయంటారు, నిజమేనా?

నిజమే, ఎంతో ఆసక్తి కలిగించే విషయం. నీలాలు పేరుకున్న గులక పొరల్లోనే ఇప్పుడు లంకలో కనిపించని జంతువుల ఎముకలు, పళ్లు కూడా పేరుకున్నాయి. నీటి ఏనుగు, ఖడ్గమృగం, సింహం. పి.ఇ.పి. దెరణియగల అనే శాస్త్రవేత్త 1939లో కురువిట దగ్గర దొరికిన పళ్లను పరిశీలించి, అంతరించిపోయిన శ్రీలంక సింహానికి పేరు పెట్టాడు. జెండా మీద సింహమున్న దేశంలో సింహం నిజంగా తిరిగిందని చెప్పిన సాక్ష్యం రత్నాల మట్టి నుంచే వచ్చింది.

వీటిలో కొన్నింటిని రత్నపుర జాతీయ మ్యూజియంలో చూడవచ్చు. ఆ భవనం ఎహెలెపొల వలవ్వ, అంటే ఎహెలెపొల దొరగారి ఇల్లు. సబరగమువ దిసావగా, అంటే ఆ ప్రాంత పాలకుడిగా ఉన్న ఎహెలెపొల 1814లో కండీ రాజు శ్రీ విక్రమ రాజసింహ మీద తిరగబడి బ్రిటిషువారి పంచన చేరాడు. మరుసటి ఏడాదే రాజ్యం పోయింది. రాజును వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. ఆ రాజు మదురై నాయకుల బంధువర్గం నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక వంశంలో చివరివాడు. ఈ ఇంటి గడప తొక్కినప్పుడు తెలుగువారు ఆ సంగతి గుర్తు చేసుకోవాలని నా కోరిక.

రత్నపుర వీధి బజారు ఎలా జరుగుతుంది?

పొద్దున్నే వెళ్లాలి. దెమువావత్త వీధిలో వందల మంది మగవాళ్లు నిలబడి, నడుస్తూ, గుంపులు కడుతూ కనిపిస్తారు. దుకాణం లేదు, తక్కెడ లేదు. జేబులో మడత కాగితం, దాంట్లో రాళ్లు, చేతిలో చిన్న టార్చి. అంతే. కొనేవాడు రాయిని చిమటాతో పట్టి ఆకాశం వెలుగులో తిప్పి చూస్తాడు, ఆ తర్వాతే టార్చి వేస్తాడు. బేరం గట్టిగా వినిపించదు. ఒకరు చెప్పిన ధరకు మరొకరు తల అడ్డంగా ఊపి కాగితం మడిచి ఇచ్చేస్తారు, అరగంట తర్వాత అదే కాగితం మళ్లీ తెరుచుకుంటుంది. దలాలులు తమది కాని రాయిని నమ్మకం మీద తీసుకెళ్లి, అమ్మి, డబ్బు తెచ్చి ఇస్తారు. ఎంత పెద్ద రాయి అయినా మాట మీదే చేయి మారుతుంది. మాట తప్పినవాడికి మర్నాటి నుంచి ఆ వీధిలో ఎవరూ కాగితం విప్పి చూపరు.

మీరు కొత్తవారని తెలియగానే చుట్టూ కాగితాలు విచ్చుకుంటాయి. “చూడడానికే వచ్చాను” అని ఒకసారి నవ్వుతూ చెబితే వదిలేస్తారు. రాయిని చేతిలోకి తీసుకుని ధర అడిగితే మాత్రం బేరంలోకి దిగినట్టే. ధర చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాక వద్దనడం అక్కడ పెద్ద అమర్యాద. మనుషుల ముఖాలు ఫోటో తీయాలంటే ముందు అడగండి.

బేరువల గురించి కూడా వింటున్నాం. అక్కడ ఏముంది?

కొలంబోకు దక్షిణంగా సముద్రతీరంలో, రైలు ఆగే ఊరు. అరబ్బు వర్తకుల కాలం నుంచి స్థిరపడిన ముస్లిం కుటుంబాలు చైనా ఫోర్ట్ అనే వాడలో తరతరాలుగా రత్నాల వ్యాపారం చేస్తున్నాయి. రత్నపుర తవ్వే ఊరైతే ఇది సాన పట్టి విదేశాలకు అమ్మే ఊరు. పెద్ద బజారు వారంలో కొన్ని రోజులే జరుగుతుంది కాబట్టి అడిగి వెళ్లండి. ఇక్కడివారు ఇంట్లో తమిళం మాట్లాడతారు. చెన్నైలోనో చిత్తూరు సరిహద్దులోనో పెరిగి తమిళం వచ్చిన తెలుగువారికి ఇది పెద్ద సౌకర్యం. శుక్రవారం నమాజు వేళకు పని ఆగిపోతుంది.

బజారులో కనిపించే ప్రతి రాయి లంకదే అనుకోకండి. 1998లో మడగాస్కర్‌లోని ఇలకాకలో నీలాలు బయటపడినప్పటి నుంచి లంక వ్యాపారులు అక్కడ కొని, తెచ్చి, ఇక్కడ సాన పట్టించి అమ్ముతున్నారు. అందులో మోసం లేదు, రాయి పుట్టిన చోటు నిజాయితీగా చెప్పినంతవరకు.

చంద్రకాంతం గని ఎక్కడ?

అంబలంగొడ దగ్గర మీటియాగొడలో. తెల్లటి బంకమన్నులోంచి తీస్తారు. నీలి మెరుపున్న రాయికి ఇక్కడ విలువ ఎక్కువ. ఇది మెత్తటి రాయి, రోజూ పెట్టుకునే ఉంగరానికి పనికిరాదు. చెవిపోగులకు, లాకెట్‌కు బాగుంటుంది.

సాన పట్టడం, కాల్చడం చూడవచ్చా?

చూడవచ్చు. వింటినారి లాగినట్టు కర్రను ముందుకూ వెనక్కూ లాగుతూ తిప్పే పాత సాన యంత్రాన్ని హనపోరువ అంటారు. ఇప్పుడు ఎక్కువగా మోటారు సానలే వాడుతున్నారు గానీ, రాళ్ల రంగు ఎక్కడుందో పట్టుకునే నేర్పు మాత్రం పాతదే. లంక నీలాల్లో రంగు తరచు ఒక మూలనే ఉంటుంది. దాన్ని సరిగ్గా రాయి అడుగుకు వచ్చేలా కోస్తే పైనుంచి చూసినప్పుడు రాయంతా నీలంగా కనిపిస్తుంది. పాత కోత రాళ్లు అడుగున లావుగా, వంకరగా ఉండడానికి కారణం ఇదే. బరువూ రంగూ పోకుండా కాపాడాలన్నది వాళ్ల లెక్క.

ఇక కాల్చడం. బొగ్గు నిప్పుల్లో రాయిని పెట్టి గొట్టంతో ఊదుతూ, కెంపులోని నీలిఛాయను పోగొట్టడం ఇక్కడి పాత విద్య. పాలరంగులో మబ్బుగా ఉండే గెవుడ అనే రాయిని మాత్రం ఎవరూ పట్టించుకునేవారు కాదు. 1970ల్లో థాయిలాండ్ వ్యాపారులు దాన్ని చవకగా కొనుక్కుపోయి, కొలిమిలో 1,500 డిగ్రీలకు పైగా కాల్చి చక్కటి నీలాలుగా మార్చారు. రాయిలోని రూటైల్ అనే టైటానియం ఖనిజపు సన్నటి తీగలు కరిగి, ఆ టైటానియం ఇనుముతో కలిసి నీలిరంగు ఇస్తుంది. లంకవాళ్లకు అది అర్థమయ్యేసరికి ఎంతో సరుకు దేశం దాటిపోయింది. ఇప్పుడు ఆ కొలుములు లంకలోనూ ఉన్నాయి.

అక్కడ కొంటే చవకా?

సూటిగా చెబుతాను: మీకు రాళ్ల గురించి తెలియకపోతే చవక కాదు. రత్నపుర వీధిలో నిలబడ్డ ప్రతి మనిషికి తన చేతిలోని రాయి బ్యాంకాక్‌లో ఎంత పలుకుతుందో తెలుసు. గని పక్కన చవకగా వస్తుందన్న ఆశనే మోసగాళ్లు వాడుకుంటారు. గాజు, కృత్రిమ నీలం ముక్కలను గరుకుగా అరగదీసి, మట్టి పూసి, అప్పుడే గనిలోంచి వచ్చిన ముడిరాయి అంటూ అమ్ముతారు. కృత్రిమ కెంపు తయారీ 1902 నాటికే లోకానికి తెలిసిన విద్య, కాబట్టి మా తాతగారి కాలం నాటి రాయి అన్న మాట కూడా హామీ కాదు. ‘ఈరోజు ప్రభుత్వ పండుగ, పన్ను లేదు’ అంటూ ఆటోవాలా తీసుకెళ్లే దుకాణంలో అతని కమిషన్ మీ బిల్లులోనే ఉంటుంది. ‘ఇక్కడ కొని మీ ఊళ్లో అమ్మితే రెట్టింపు వస్తుంది’ అనేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు.

జ్ఞాపకంగా ఏదైనా కావాలంటే చిన్న గోమేధికమో, స్పినెలో, చంద్రకాంతమో తీసుకోండి. ధర తక్కువ, పోయినా బాధ ఉండదు. పెద్ద రాయి కొనాలనుకుంటే లైసెన్సున్న దుకాణంలో, బిల్లుతో, ప్రయోగశాల నివేదిక చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.

నివేదికలో ఏం చూడాలి?

రాయి సహజమా కృత్రిమమా, కాల్చారా లేదా, మరేదైనా ప్రక్రియ జరిగిందా. ఈ మూడూ చూడాలి. కాల్చిన రాయి నకిలీ కాదు, కానీ కాల్చని రాయి ధర దానికి చాలా రెట్లు ఉంటుంది. బెరీలియం కలిపి కాల్చి నారింజ రంగు తెప్పించిన రాళ్లు 2001 ప్రాంతంలో బజారును ముంచెత్తాయి, పద్‌పరద్‌శ పేరుతో అమ్ముడుపోయాయి. పద్‌పరద్‌శ కొనేవారు ఈ పరీక్ష చేయించకుండా కొనకూడదు. రత్నాభరణాల ప్రాధికార సంస్థ పరీక్షశాల సేవలు కొలంబోలో అందుబాటులో ఉన్నాయి. బరువు క్యారెట్లలో రాయించుకోండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. మన ఊళ్లలో రతి లెక్క చోటుకో రకంగా ఉండడం వల్ల గందరగోళం వస్తుంది.

జాతకం ప్రకారం నీలం పెట్టుకోమన్నారు. అక్కడ కొనవచ్చా?

నమ్మకం మీది, దాని మీద నాకు వాదన లేదు. సింహళ బౌద్ధుల్లోనూ నవరత్నాల ఉంగరాలు పెట్టుకునేవారున్నారు. నా సలహా ఒక్కటే: రాయి పెట్టుకోమన్నవారు, అమ్మేవారు, పరీక్షించేవారు ముగ్గురూ వేరు వేరు మనుషులై ఉండాలి. అప్పు చేసి మాత్రం కొనకండి.

ప్రసిద్ధమైన లంక రాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి?

చాలావరకు లంకలో లేవు. న్యూయార్క్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలోని 563 క్యారెట్ల నక్షత్ర నీలం పేరు స్టార్ ఆఫ్ ఇండియా, పుట్టింది మాత్రం లంకలో. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో దాదాపు 423 క్యారెట్ల లోగన్ నీలం, 182 క్యారెట్ల స్టార్ ఆఫ్ బాంబే ఉన్నాయి. అమెరికాలో ఉన్న తెలుగువారు వీటిని తేలిగ్గానే చూడవచ్చు. 2021లో రత్నపురలో ఒక ఇంటి పెరట్లో బావి తవ్వుతుంటే సుమారు 510 కిలోల నీలాల ముద్ద దొరికిందన్న వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. అలాంటి ముద్దల బరువు చూసి విలువ కట్టకూడదు, అందులో కోతకు పనికొచ్చే భాగం ఎంతన్నదే లెక్క.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. మే నుంచి నైరుతి వానలు ముంచెత్తుతాయి. 2003లో, 2017లో రత్నపుర జిల్లా వరదల్లో చిక్కుకుంది. శ్రీపాద యాత్ర డిసెంబరు పున్నమి నుంచి మే నెల వైశాఖ పున్నమి దాకా సాగుతుంది. రత్నపుర వైపు మెట్ల దారి పొడవైనది, పాతది. ఓపిక ఉన్నవారు రెండూ కలుపుకోవచ్చు. ప్రతి పున్నమికీ దేశమంతా సెలవు, ఆ రోజు బజారు కోసం వెళ్లకండి.

కొలంబో నుంచి రత్నపుర దాదాపు 100 కిలోమీటర్లు. రైలు అవిస్సావెల్ల దాకానే. అక్కడినుంచి ముందుకు వెళ్లే పాత మార్గాన్ని 1976లో మూసేశారు. అందుకే బస్సో కారో ఎక్కాలి. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. ముందుగా ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి, దాని కోసం ప్రభుత్వ వెబ్‌సైటునే వాడండి. మొదటి రోజు ఉదయం గని, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం సమన్ గుడి. రెండో రోజు పొద్దున వీధి బజారు, సాన పట్టే ఇల్లు. ఆ తర్వాత ఉడవలవె ఏనుగులకో, సింహరాజ అడవికో వెళ్లవచ్చు. దోమల మందు దగ్గర ఉంచుకోండి. 2016 నాటికే మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినా డెంగీ ఉంది.

కొన్న రాయిని ఇండియాకు తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. అక్కడి బిల్లు, నివేదిక అసలు ప్రతులు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఖరీదైన రాయి అయితే శ్రీలంక నుంచి తీసుకెళ్లే నిబంధనలు ఆ రోజుకు ఏమున్నాయో రత్నాభరణాల ప్రాధికార సంస్థ దగ్గర కనుక్కోమని దుకాణదారుణ్ని ముందే అడగండి. మన విమానాశ్రయంలో రెడ్ చానల్‌కు వెళ్లి చూపించి, పన్ను పడితే కట్టి, రసీదు తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా ఆ రాయిని అమ్మాలన్నా, బీమా చేయించాలన్నా ఆ రసీదే అడుగుతారు.